నక్క అడ్డం వచ్చిన రోడ్డు: కెర్నీ నుంచి లారమీ దాకా

మా అమ్మాయి కీర్తన హైస్కూల్ ఆఖరి ఏడాదిలో ఉండగా రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి మిషిగన్‌లో మేముండే నోవైకి గంట దూరంలో, ఫార్మసీ చదువు. రెండోది ఎక్కడో వయోమింగ్ రాష్ట్రంలో లారమీ అనే ఊళ్ళో, అడవి జంతువుల చదువు. "అది చదివి ఏం చేస్తారే?" అని అడిగితే దాచకుండా చెప్పింది. హైవేల మీద కార్ల కింద పడి చనిపోయిన జంతువులు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి, వాటిని పట్టుకుని కొలిచి, అవి ఏ దారిన రోడ్డు దాటుతున్నాయో కనిపెడతారట. అలా తెలిస్తే అక్కడ వాటి కోసం రోడ్డు కింద సొరంగమో, పైన వంతెనో కడతారట. నాకు వంతెన మాట చెవికెక్కలేదు. చనిపోయిన వాటిని పట్టుకోవడం అన్న మాట దగ్గరే ఆగిపోయాను. మా ఇంట్లో గుడ్డు కూడా వండం. ఎవరైనా పోతే చూసివచ్చాక, బట్టలతో సహా తడిసి తలస్నానం చేశాకే దేవుడి గది వైపు తిరుగుతాం. అలాంటి ఇంటి పిల్ల రోజూ శవాల మధ్య తిరగడమేమిటని నా బాధ. గట్టిగా మాట్లాడడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. "నాకిష్టం లేదమ్మా" అని మెల్లగా అన్నాను. దానికే అది రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

మా వారు కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరు. ఏ గొడవైనా ఒకసారి నడిపి చూస్తేగాని తేలదంటారు. "స్ప్రింగ్ బ్రేక్‌లో కారేసుకుని వెళ్ళొద్దాం. ఊరు చూద్దాం, కాలేజీ చూద్దాం. అన్నీ చూశాక కూడా మీ అమ్మ వద్దంటే ఇక వద్దు. సరేనా?" అన్నారు. కీర్తన నా వైపు చూడకుండా, "ఓకే. చూశాక కూడా అమ్మ నో అంటే నేను ఫార్మసీ చేస్తా" అంది. అంత పెద్ద నిర్ణయం నా చేతిలో పెట్టేసరికి నాకే భయమేసింది. అలా 2012 మార్చి నెలాఖరులో బయలుదేరాం.

నోవై నుంచి లారమీకి దాదాపు పన్నెండు వందల యాభై మైళ్ళు. చికాగో దాటాక అంతా ఐ-80 హైవే మీదే ప్రయాణం, దారి తప్పే పని లేదు. మొదటి రాత్రి అయోవాలో, రెండో రాత్రి నెబ్రాస్కాలోని కెర్నీ ఊళ్ళో పడుకున్నాం. హైవే పక్కన మోటెల్ గది అరవై, డెబ్భై డాలర్లకు దొరికింది. శాకాహారులు ఈ దారిలో వెళ్తుంటే చిన్న రైస్ కుక్కరూ, ఇంట్లో కాచిన పులిహోర పులుసూ తప్పకుండా పెట్టుకోండి. నేను వీటితో పాటు నా దేవుడి పెట్టె కూడా పట్టుకెళ్ళాను. అరచేతిలో పట్టే విగ్రహం, ఎండబెట్టిన తులసి ఆకులు, తీర్థానికి ఒక చిన్న సీసా, అంతే అందులో ఉండేవి. మూడో రోజు తెల్లవారకముందే మోటెల్ టేబుల్ మీద పూజ చేసుకుని, ఆ తీర్థం సీసాలో పోసుకుని హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకున్నాను. ఆ రోజు సంగతే ఇక్కడ రాస్తున్నాను.

కెర్నీలో అంత పొద్దున్నే లేవడానికి కారణం కొంగలు. ప్లాట్ నది మీద పాత రైలు వంతెన ఒకటుంది, ఇప్పుడు దాని మీద నడిచేవాళ్ళే వెళ్తారు. పార్కు పర్మిట్‌కి అయ్యేది కొద్ది డాలర్లే. చీకటి పూర్తిగా విడవకముందే వెళ్ళి, మాట్లాడకుండా నిలబడాలి. అక్కడ సాయానికి వచ్చిన ఒక ముసలావిడ మమ్మల్ని చూసి వేలు పెదవుల మీద పెట్టుకుని, "ఫోన్ వెలుగు కూడా వద్దు, హనీ" అని గుసగుసగా చెప్పింది. ముందు నది కనిపించలేదు. శబ్దం వినిపించింది. పెద్ద తిరునాళ్ళలో జనం అందరూ ఒకేసారి మాట్లాడుకుంటుంటే దూరం నుంచి వినిపిస్తుందే, అలాంటి రొద. తూర్పు కొంచెం తెల్లబడ్డాక చూస్తే, నది మధ్యలో ఇసుక దిబ్బలనుకున్నవి దిబ్బలు కావు. మోకాలి లోతు నీళ్ళలో ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డ బూడిద రంగు కొంగలు. ఎండ పడగానే ఒక చివర నుంచి లేవడం మొదలైంది. దుప్పటి అంచు పట్టుకుని దులిపినట్టు నది మొత్తం లేచింది. ఆకాశం కనిపించలేదు. నేను చెంపలేసుకున్నాను. కీర్తన కళ్ళు తుడుచుకుంటూ, "ప్రతి సంవత్సరం ఇక్కడే ఆగుతాయమ్మా. వీటికి ఎవరు చెప్తారో" అంది. దానికి నా దగ్గర జవాబు ఉంది కానీ, అప్పుడు చెప్పలేదు.

మళ్ళీ ఐ-80 ఎక్కి పడమరకి వెళ్ళాం. నార్త్ ప్లాట్ దాటేదాకా రోడ్డు కర్ర పెట్టి గీసినట్టు ఉంటుంది. డ్రైవ్ చేసేవాళ్ళకి నిద్ర వస్తుంది, పక్కనవాళ్ళు మాట్లాడుతూ ఉండాలి. మా కారులో మాత్రం ఆ మాటలే ఇబ్బంది అయ్యాయి. రోడ్డు పక్కన చచ్చిపడున్న జంతువు కనిపించినప్పుడల్లా వెనక సీట్లోంచి కీర్తన, "రకూన్", "డీర్", "అది బ్యాడ్జర్ అనుకుంటా" అని పేరు చెప్పేది. నేను కళ్ళు మూసుకుని "గోవిందా" అనేదాన్ని. కొంతసేపయ్యాక ఉండబట్టలేక, "చెప్పకే తల్లీ, వినలేకపోతున్నాను" అన్నాను.

"నువ్వు గోవిందా అంటే ఓకే, నేను డీర్ అంటే నాట్ ఓకేనా?" అంది.

మా వారు అద్దంలోంచి దాన్ని చూసి కళ్ళతోనే వారించారు. అలా వెళ్తూ, టైం జోన్ మారి గడియారం ఒక గంట వెనక్కి జరిగే చోటు దాటాం. నెబ్రాస్కాలోనే సిడ్నీ అనే ఊరి దగ్గర రెస్ట్ ఏరియాలో బల్ల మీద పులిహోర తిన్నాం. గాలికి పేపర్ ప్లేట్లు ఎగిరిపోతుంటే నీళ్ళ సీసాలు బరువు పెట్టాం.

వయోమింగ్‌లో అడుగుపెట్టగానే నేల రంగు మారింది. చెట్లు లేవు. పసుపచ్చ గడ్డి, దాని మీద మచ్చలు మచ్చలుగా మంచు. ఆ గడ్డిలో తెల్ల మచ్చలున్న జింకలు గుంపులు గుంపులుగా మేస్తున్నాయి. వాటిని ప్రాంగ్‌హార్న్ అంటారని కీర్తన చెప్పింది. "ఈ దేశంలో వీటికంటే స్పీడ్‌గా పరిగెత్తేది లేదమ్మా. కానీ ఫెన్స్ దూకలేవు. దూకడం రాదు, పాపం." ఒక గుంపు మా కారుతో సమానంగా కంచె వెంట పరిగెత్తింది. కాళ్ళు నేలకి తగులుతున్నాయో లేదో తెలియడం లేదు. మా వారు స్పీడోమీటర్ వైపు చూసి "అబ్బో!" అన్నారు. గుంపు ఉన్నట్టుండి మలుపు తీసుకుని, గాలి దిశ మారినట్టు పక్కకి వెళ్ళిపోయింది.

వయోమింగ్ రాజధాని షయాన్‌లో కాఫీకి ఆగాం. వడ్డించే ఆవిడ వయసులో పెద్దది, ముక్కు మీద కళ్ళజోడు జారిపోతూ ఉంది. మాంసం, గుడ్డు లేనిది ఏముందని మా వారు అడిగితే, "కోడి కూడా వద్దా? ఏం పాపం చేసింది కోడి, దాన్ని తినకపోవడానికి?" అని నవ్వి, రొట్టె మధ్యలో చీజ్ పెట్టి కాల్చి తెచ్చింది. మేము లారమీ వెళ్తున్నామని విని, "ఐ-80 మీద గాలికి ట్రక్కు పడిపోయింది, గంటల తరబడి కూర్చోవాలి. హ్యాపీ జాక్ రోడ్డు పట్టుకోండి. కొండ మీదకి వెళ్ళాక మళ్ళీ హైవేలో కలుస్తారు. కాకపోతే నెమ్మదిగా వెళ్ళండి, ఆ రోడ్డు మనుషులది కాదు" అంది.

హ్యాపీ జాక్ అని పిలిచే ఆ 210 నంబరు రోడ్డు ఎదురూ బొదురూ రెండే వరుసలు, ముప్ఫై ఎనిమిది మైళ్ళు. మేము ఎక్కేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. కొంత దూరం వెళ్ళామో లేదో, ముందు ఎడమ పక్క గడ్డిలోంచి ఒక జంతువు వచ్చి, రోడ్డు దాటి కుడి పక్కకి వెళ్ళింది. బూడిద రంగూ ఇటుక రంగూ కలిసిన ఒళ్ళు, సన్న కాళ్ళు, కిందికి వేలాడే తోక. అచ్చం మా ఊరి పొలాల నక్కే, ఇంకాస్త పొడుగు.

"ఆపండి" అన్నాను.

"ఎందుకు? వెళ్ళిపోయిందిగా."

"అడ్డం వచ్చింది. ఒక్క నిమిషం ఆగి, నీళ్ళు తాగి వెళ్దాం."

"అమ్మా, అది పిల్లి కాదు. కయోటీ!" అంది కీర్తన.

"ఏదైతేనేం, అడ్డం వచ్చిందా లేదా?"

మా వారికి హుషారొచ్చింది. "నక్క కనిపిస్తే అదృష్టమే కదోయ్? నాకు అమెరికా ఉద్యోగం వచ్చినప్పుడు మీ నాన్నగారు నక్క తోక తొక్కాడల్లుడు అన్నారు."

"తోక తొక్కడం వేరు, అడ్డం రావడం వేరు."

"పోనీ ఇది చెప్పు. ఎడమ నుంచి కుడికి వెళ్ళింది. మన దేశంలో బండి ఎడమ పక్కన నడుపుతాం, ఇక్కడ కుడి పక్కన. శకునం కూడా తిరగేసి చూసుకోవాలా?"

"మీరు ముందు ఆపండీ!"

నా గొంతు అంత పైకి లేవడం ఆయన ఎప్పుడూ వినలేదేమో, వెంటనే వెడల్పుగా ఉన్న చోట కారు పక్కకి తీసి, హజార్డ్ లైట్లు వేశారు. నేను మంచినీళ్ళ సీసా మూత తీసి ఒక గుక్క తాగాను. రెండో గుక్క నోట్లో ఉండగానే ఇంకో కయోటీ అదే చోట రోడ్డెక్కింది. మేము ఆగకుండా వెళ్ళుంటే సరిగ్గా మా చక్రాల కిందకి వచ్చేది. అది రోడ్డు మధ్యలో నిలబడి మమ్మల్ని చూసింది. పసుపు కళ్ళు. భయమూ లేదు, కోపమూ లేదు. మనం ఇంటికొచ్చిన కొత్తవాళ్ళని చూస్తాం కదా, అలా చూసింది. నేను నీళ్ళు మింగడం మరిచిపోయాను.

"అవి దాటి పోవట్లేదు. మొదటిది కూడా మళ్ళీ అక్కడికే వస్తోంది, చూడండి" అంది కీర్తన. అప్పుడు చూశాం. మాకు కాస్త ముందు, సగం తారు మీద, సగం మట్టిలో ఒక ప్రాంగ్‌హార్న్ పడి ఉంది. ఏ బండో కొట్టి వెళ్ళిపోయింది. దాని మీద పెద్ద గద్ద, కాదు, డేగ వాలి ఉంది. రెక్కలు ముడుచుకుంటేనే చిన్నపిల్లంత ఉంది.

కీర్తన వివరించింది. రోడ్డు మీద ఒకటి పోతే దాన్ని తినడానికి కయోటీలు వస్తాయి, డేగలు వస్తాయి. కడుపు నిండిన డేగ వెంటనే ఎగరలేదు. వచ్చే బండి వాటినీ కొడుతుంది. వాటి కోసం ఇంకొకటి వస్తుంది. "ఒక్కటి పోతే అక్కడితో అయిపోదు నాన్నా. దాన్ని రోడ్డుకి దూరంగా లాగేస్తే చాలు." ఫోన్ చేద్దామని చూస్తే సిగ్నల్ లేదు. అంతలో ఎదురుగా పెద్ద ట్రక్కు హారన్ కొడుతూ వచ్చింది. డేగ బరువుగా లేచింది. దాని రెక్క ట్రక్కు అద్దానికి తగిలిందనే అనుకున్నాను. కీర్తన కెవ్వున అరిచింది. ట్రక్కు వెళ్ళిపోయింది. డేగ కంచె స్తంభం మీద కూర్చుని ఒళ్ళు దులుపుకుంటోంది. కాసేపటికి మళ్ళీ అక్కడికే వచ్చి వాలుతుందని అందరికీ తెలుస్తోంది.

కీర్తన బ్యాగ్‌లోంచి గ్లవ్స్ తీసి తొడుక్కుని దిగింది. అవి ఎప్పుడు కొనుక్కుందో నాకు తెలియదు. మా వారు నా ఎర్ర శాలువా తీసుకుని, రోడ్డు వంపు దాకా వెళ్ళి, వచ్చే బండ్లకి ఊపుతూ నిలబడ్డారు. నేను కారులోనే ఉండిపోయాను. కీర్తన ఆ ప్రాంగ్‌హార్న్ వెనక కాళ్ళు పట్టుకుని లాగుతోంది. జంతువు జానెడు కదిలి ఆగిపోయింది. మళ్ళీ లాగింది. కాళ్ళు జారి కూలబడింది. గాలికి జుట్టంతా మొహం మీద పడుతోంది. అయినా నన్ను పిలవలేదు. పిలవకూడదని దానికి తెలుసు. అది పిలవకపోవడమే నాకు తట్టుకోవడం కష్టమైంది.

నేను దిగాను. చీర కొంగు నడుముకి దోపి, ఆ జంతువు ముందు కాళ్ళు పట్టుకున్నాను. ఇంకా వెచ్చగానే ఉంది.

"అమ్మా, నీకు గ్లవ్స్ లేవు!"

"లాగవే, బండ్లు వస్తాయి."

ఇద్దరం కలిసి లాగితే కదిలింది. తారు దాటించి, మట్టి దాటించి, పల్లంలోకి దింపి, కంచె దాకా తీసుకెళ్ళాం. అక్కడ దాని మొహం చూశాను. ఎంత పెద్ద కళ్ళో! వాటికి రెప్పల వెంట్రుకలు కూడా ఉన్నాయి. మా వాళ్ళలో ఎవరైనా పోతే చివరిగా నోట్లో తులసి తీర్థం పోస్తాం. దీనికెవరు పోస్తారు? కీర్తనని నా హ్యాండ్‌బ్యాగ్ తెమ్మన్నాను. పొద్దున పోసుకున్న తీర్థం సీసాలో ఉన్నదంతా దాని నోట్లో పోసి "గోవిందా" అన్నాను. కీర్తన నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తనూ మెల్లగా "గోవిందా" అంది.

తలెత్తి చూస్తే రోడ్డు మీద ఒక పికప్ ఆగి ఉంది. అందులోంచి దిగిన పెద్దాయన, ఆ చుట్టుపక్కల పశువులు పెంచేవాడట, మమ్మల్ని వింతగా చూస్తున్నాడు. "మీరే కొట్టారా?" అని అడిగాడు. కాదన్నాం. "ఆవిడ పోసిందేమిటి?"

"హోలీ వాటర్ లాంటిది" అంది కీర్తన.

"ఓహో. క్యాథలిక్కా?"

మా వారు శాలువా భుజాన వేసుకుని వస్తూ, "కాదండీ, తెలుగు" అన్నారు.

ఆయన అదేదో చర్చి అనుకున్నట్టున్నాడు, గౌరవంగా తలూపాడు. "ఊళ్ళోకి వెళ్ళాక హైవే వాళ్ళకి నేను చెప్తాలే. మీరు చేతులు కడుక్కోండి" అని తన బండిలోని నీళ్ళ డబ్బా వంచి నా చేతుల మీద పోసి, సబ్బు కూడా ఇచ్చాడు.

కారులో కూర్చున్నాం కానీ వెంటనే కదల్లేదు. మొదట డేగ వచ్చింది. రెక్కలు విప్పితే ఎండలో మెడ బంగారంలా మెరిసింది. తర్వాత రెండు కయోటీలూ గడ్డిలోంచి వచ్చాయి. ఒకటి తింటుంటే రెండోది చుట్టూ కాపలా చూసింది, తర్వాత మారాయి. రక్తం చూస్తే కళ్ళు తిరిగే మనిషిని నేను. అయినా కళ్ళు తిప్పుకోలేదు. నాకు అది అసహ్యంగా అనిపించలేదు. ఎవరో విస్తరి వేసి, ఇంత గాలిలో, ఇంత మంచులో, ఎవరి వంతు వాళ్ళకి వడ్డిస్తున్నట్టే ఉంది. వడ్డించేవాడు కనిపించడు, అంతే తేడా. పొద్దున కొంగల దగ్గర కీర్తనకి చెప్పని జవాబు ఇదే.

మిగతా దారంతా పైన్ చెట్లు, ఎర్రటి బండరాళ్ళు, మంచు. కొండ మీద ఐ-80లో కలిసి, ఎండ ఉండగానే లారమీలోకి దిగాం. మోటెల్‌లో గది తీసుకోగానే నేను బట్టలతో సహా తలస్నానం చేశాను. తర్వాత కీర్తనని పంపాను. అది వచ్చాక మంచం అంచున కూర్చోబెట్టి టవల్‌తో తల తుడుస్తూ అన్నాను, "ఎంత అలసిపోయినా సరే, పని నుంచి రాగానే ముందు తలస్నానం. తర్వాతే అన్నం, తర్వాతే దేవుడికి దణ్ణం. మాటివ్వు."

"ఏ పని నుంచి?"

"నువ్వు చదవబోయే చదువు పని నుంచి."

అది టవల్ పక్కకి తోసి, నా నడుము చుట్టూ చేతులు వేసి, తడి తల నా పొట్టకి ఆనించుకుని ఏడ్చింది. మా వారు కిటికీ వైపు తిరిగి, "రేపు కాలేజీ చూడ్డం ఎందుకింక, డబ్బు దండగ" అన్నారు.

ఇది జరిగి మూడేళ్ళయింది. ఇప్పుడు కీర్తన సెలవుల్లో కూడా హైవేల వెంటే తిరుగుతుంది. నేను నోవైలో పొయ్యి దగ్గర ఉంటాను. సాయంత్రం ఫోన్ మోగితే హలో కంటే ముందు దాని నోటి నుంచి వచ్చే మాట ఒకటే: "స్నానం అయిందమ్మా." మైల అంటే దేనికి అంటుతుందో, దేనికి అంటదో ఇప్పటికీ నాకు పూర్తిగా తెలియదు, తెలిసినవాళ్ళని అడగాలి. కానీ నా చేతుల్లో ఆ జంతువు కాళ్ళ వెచ్చదనం గుర్తొచ్చినప్పుడల్లా దేవుడి ముందు నిలబడ్డట్టే ఉంటుంది. ఈ దారిన వెళ్ళేవాళ్ళు మాత్రం మాలాగా రోడ్డు మీదకి దిగకండి, అది ప్రమాదం. జంతువు పడి ఉంటే హైవే వాళ్ళకి ఫోన్ చేయండి, వాళ్ళే వచ్చి తీస్తారు. ఇంకొక్క మాట. జంతువు అడ్డం వస్తే, శకునాలు నమ్మినా నమ్మకపోయినా, వెనక బండి లేదని చూసుకుని వేగం తగ్గించి, వీలైన చోట ఒక్క నిమిషం ఆగండి. ఒక గుక్క నీళ్ళు తాగండి. మొదటిది ఎప్పుడూ ఒంటరిగా రాదు, రెండోది గడ్డిలో నిలబడి మీరు వెళ్ళడం కోసం చూస్తూ ఉంటుంది.